చీకటి పాట ఎవరికి వినబడవలెను?

చదువవలసిన వేదభాగములు: 88వ కీర్తన, 2 దినవృత్తాంతములు 35:20–25, యిర్మీయా 9:17–21



ఈ నెల మీ యెదుట ఉంచుచున్న విషయము ఇట్టి పత్రికలలో తరచుగా కనబడునది కాదు. అయితే మన సంఘములలోని యౌవనస్థులు దానిని ప్రతిదినము చెవులలో పెట్టుకొని తిరుగుచున్నారు గనుక, కాపరులు దానిని ఎరుగనట్టు ఉండుట తగదు. పశువులను తోలుకొని పోవు బిడ్డ చెవిలోను, పట్టణపు కళాశాలనుండి సెలవులకు ఇంటికి వచ్చిన కుమారుని చెవిలోను సన్నని తీగె యొకటి వ్రేలాడుచుండును. అందులో వినబడునది అనేక పర్యాయములు సంతోషగీతము కాదు. బరువైనది, నల్లనిది, దుఃఖముతో నిండినది. కొందరు వినుటతో ఆగక, సెల్‌ఫోనులోనే గిటారు ధ్వనిని డ్రమ్ముల ధ్వనిని కూర్చి అట్టి సంగీతమును తామే రచించుచున్నారు. పెద్దలు దానిని విని, ఇది సాతాను పాట, ఇంట వినబడరాదు అందురు. బిడ్డలు, ఇది వట్టి పాటయే గదా, ఇందులో తప్పేమి అందురు. ఈ రెండును త్వరపడి చెప్పిన జవాబులే. వినకుండ తీర్పు తీర్చుట ఒక తప్పు. విని కూడ తీర్పు తీర్చకుండుట మరియొక తప్పు. అన్నిటిని పరీక్షించి మేలైనదానిని చేపట్టవలెనని పౌలు థెస్సలొనీకయ సంఘమునకు వ్రాసెను గదా. కాబట్టి ఒక బృందము చేసిన పనిని ఎదుట పెట్టుకొని, దానిని న్యాయముగా తూచి చూతము.

మొదట ఈ సంగీతము పుట్టిన విధము చెప్పవలెను. దీనికి మెటల్ అని పేరు, అనగా లోహము. ఆ పేరు ఎట్లు పెట్టబడినను, దాని పుట్టుకలో నిజముగానే లోహము ఉన్నది. ఇంగ్లాండు దేశమందలి బర్మింగ్‌హామ్ కర్మాగారముల పట్టణము. అక్కడ టోనీ అయోమి అను 17 ఏండ్ల బాలుడు లోహపు రేకులు చేయు కర్మాగారములో పనిచేయుచుండగా, యంత్రము అతని కుడిచేతి రెండు వ్రేళ్ల కొనలను తెంచివేసెను. అతడు గిటారు వాయించువాడు; ఎడమచేతి వాటము గలవాడగుటచేత తీగెలను నొక్కునది ఆ కుడిచేయియే. అగ్నిప్రమాదములో రెండు వ్రేళ్లు చెడిపోయినను గొప్పగా గిటారు వాయించిన జాంగో రైన్‌హార్ట్ అనువాని రికార్డును ఆ కర్మాగారపు పెద్ద అతనికి వినిపించి ధైర్యము చెప్పెను. అతడు ప్లాస్టిక్కును కరగించి వ్రేళ్లకు తొడుగులు చేసికొనెను. పలుచని తీగెలు వేసికొనెను. తరువాత నొప్పి తగ్గునట్లు తీగెలను వదులుచేసి శ్రుతి దించెను. శ్రుతి దిగగానే ధ్వని బరువెక్కెను. 1970వ సంవత్సరము ఫిబ్రవరి 13న బ్లాక్ సబ్బత్ అను అతని బృందముయొక్క మొదటి రికార్డు వెలువడెను. చదువరీ, గాయపడిన చేయి తన గాయమునకు తగిన ధ్వనిని వెదకుకొనెను. ఈ సంగీతమును నిందించుటకు ముందు ఆ సంగతిని మనస్సున ఉంచుకొనుడి.

ఆ రికార్డు మొదట వర్షపు ధ్వని, గుడి గంట వినబడును. తరువాత గిటారు మ్రోగించునది షడ్జమమునుండి ప్రతి మధ్యమమునకు ఉన్న దూరము. ఐరోపా సంగీత శాస్త్రజ్ఞులు కొందరు పూర్వము ఆ దూరమునకు సంగీతములోని అపవాది అని పేరు పెట్టిరి. చెవికి అది నిలకడలేనిదిగా తోచునని వారి భావము. అయితే మన కల్యాణి రాగము ఏ స్వరము మీద నిలుచుచున్నది? ఆ ప్రతి మధ్యమము మీదనే గదా! కల్యాణి వినినవారు ఎవరును భయపడి పారిపోలేదు. కాబట్టి అపవాది స్వరములో కాపురముండడు. హార్మోనియము మెట్లలో పాపపు మెట్టు అనునది లేదు. అంతర గాంధారమునకు బదులు సాధారణ గాంధారమును నొక్కినచో పాట క్రుంగినట్టు వినబడవచ్చును. అది దుఃఖము కావచ్చునేగాని దోషము కాదు. దోషమును వెదకవలసిన చోటు వేరు.

ఇప్పుడు నార్వే దేశమునకు పోదము. దాచకుండ చెప్పవలసిన సంగతి యొకటి అక్కడ ఉన్నది. బెర్గెన్ పట్టణము దగ్గర ఫాంటాఫ్ట్ అనుచోట పన్నెండవ శతాబ్దమున కఱ్ఱతో కట్టబడిన దేవాలయము ఒకటి యుండెను. 1883లో దానిని మొదటి స్థలమునుండి విప్పి అక్కడికి తెచ్చి నిలిపియుండిరి. 1992 జూన్ 6న అది కాల్చివేయబడెను. తరువాత మరికొన్ని దేవాలయములు అట్లే కాలిపోయెను. బ్లాక్ మెటల్ అను శైలి చుట్టు చేరిన యౌవనస్థులలో కొందరు ఇట్టి నేరములకు శిక్ష పొందిరి. ఫాంటాఫ్ట్ దేవాలయము మరల కట్టబడి 1997లో ముగింపబడెను. పెద్దలు ఈ సంగీతమును చూచి భయపడుటకు ఊరక కారణము లేకపోలేదు. ఆ భయమును బిడ్డలు ఎగతాళి చేయరాదు. అయితే కొందరి నేరమును ఆ శైలిలో వాయించిన అందరి తలపై మోపుటయు న్యాయము కాదు.

ఆ కాలముననే, 1993లో, ఓస్లో పట్టణమున ఊల్వెర్ అను బృందము ఏర్పడెను. ఆ మాటకు నార్వే భాషలో తోడేళ్లు అని అర్థము. క్రిస్టొఫర్ రిగ్ అను గాయకుడు దానికి నాయకుడు. నేను ఈ బృందమును ఎన్నుకొనుటకు కారణమిది: మెటల్, జానపదము, ఎలక్ట్రానిక్ అను మూడు మార్గములలోను వీరు నడచిరి, మూడింటను చీకటినే పాడిరి. కాబట్టి వాయిద్యము మారినప్పుడు మారునదేదో, మారకుండ నిలుచునదేదో వీరిలో స్పష్టముగా చూడవచ్చును.

1995లో వెలువడిన మొదటి రికార్డు పేరు బెర్గ్‌టాట్. అనగా పర్వతములోనికి కొనిపోబడినది. ఇది అయిదు అధ్యాయముల కథ. సంధ్యవేళ అడవిలో ప్రవేశించిన ఒక కన్యకను కొండలలోని అదృశ్యజనులు మాయచేసి లోపలికి తీసికొని పోవుదురు. నార్వే పల్లెలలో ముసలివారు చెప్పుకొను కథలలోనిది ఇది. గిటారు తీగెను ఆగకుండ వడివడిగా మీటుదురు; డ్రమ్ములు ఎంత వేగముగా కొట్టబడుననగా, దెబ్బకు దెబ్బకు మధ్య ఎడము తెలియక రేకుల ఇంటిపై వడగండ్ల వాన కురిసినట్టుండును. ఆ వాన మధ్యనుండి మృదువైన కంఠములు కలిసి పాడుచుండును. ఒకచోట వాద్యములన్నియు ఆగి, అడవిలో నడచు అడుగుల చప్పుడు మాత్రమే మిగులును. ఇది బలమైన రచన. కథలో కన్యకను పిలిచిన మధురస్వరమే మన చెవిని కూడ పిలుచును. శోధన ఘోరరూపముతో కాక తీయని కంఠముతో వచ్చునని సామెతల గ్రంథము తొమ్మిదవ అధ్యాయములో చెప్పబడిన సంగతి, ఈ రికార్డులో ఉపదేశము లేకుండగనే వినబడుచున్నది. దీనిలోని కొరత యేమనగా, కథ పర్వతపు గదులలో ముగియును. తప్పిపోయినదానిని వెదకుచు లాంతరు పట్టుకొని వచ్చువాడు ఇందులో నాకు కనబడలేదు.

1996లో వచ్చిన రెండవదాని పేరు క్వెల్డ్స్‌సాంగెర్; అనగా సాయంకాల గీతములు. ఇందులో విద్యుత్ గిటారులు లేవు, కేకలు లేవు. కఱ్ఱ గిటారులు, చెల్లో, ఒకదానిపై ఒకటి పేర్చిన మనుష్య కంఠములు. పలుచోట్ల మాటలే లేవు. మొత్తము సుమారు 35 నిమిషములు. మెటల్ వలన మాత్రమే చీకటి కలుగునని తలంచువారు దీనిని వినవలెను. ధ్వని తగ్గినకొలది దుఃఖము దగ్గరకు వచ్చును. గొడ్లు ఇంటికి చేరి, దీపము పెట్టక మునుపు పల్లెలో కొంతసేపు నిలుచు నిశ్శబ్దమును మీరు ఎరుగుదురు గదా, ఇది అట్టిది. అయితే విమర్శకుడు ఒక మాట చెప్పవలెను. ఇందలి రచనలు చిన్నవి. అనేకములు మొలకెత్తగానే ఆగిపోవును. పల్లవి వినిపించి చరణము మరచినట్టుండును. మనోభావమును కలిగించుట వీరికి వచ్చెనుగాని, దానిని వెంటబెట్టుకొని ఒక చోటికి చేర్చుట ఇంకను రాలేదు.

మూడవది 1997లో వచ్చెను. దాని పేరు నాటెన్స్ మాడ్రిగాల్. రాత్రి గీతమని చెప్పవచ్చును. దాని ఉపశీర్షిక ఏమనగా, మనుష్యునిలోని తోడేలునకు ఎనిమిది కీర్తనలు. ఇది చెవికి కఠినము. ధ్వనిలో మందరము లేదు. ఇనుమును ఇనుముతో గీచినట్టుండును. ఓపికతో వినినచో లోపల చక్కని వరుసలు దొరకునుగాని, రచయిత వాటిని ముండ్లకంపలో దాచినట్టు దాచెను. ఇక్కడ మనము నిలిచి ఆలోచింపవలెను. మనుష్యునిలో తోడేలు ఉన్నదని చెప్పుట అసత్యమా? కాదు. కయీనుతో దేవుడు చెప్పిన మాటలో పాపము వాకిట పొంచియున్న మృగమువలె కనబడుచున్నది. తాను చేయగోరని కీడునే చేయుచున్నానని పౌలు రోమీయులకు వ్రాసిన పత్రిక ఏడవ అధ్యాయములో మొఱ్ఱపెట్టెను. మనము గుడిలో తెల్లబట్టలు కట్టుకొని కూర్చుండి లేదని చెప్పు తోడేలును, ఈ యౌవనస్థులు ఉన్నదని ఒప్పుకొనిరి. అంతవరకు వారు మనకంటె యథార్థవంతులు. అయితే తోడేలు ఉన్నదని చెప్పుట వేరు, తోడేలునకు కీర్తన పాడుట వేరు. ఇది నాటకమే, వేషమే అని కొందరు చెప్పుదురు. కావచ్చును. అయినను కీర్తన అను మాట నాటకములో కూడ మోకాళ్లు వంగిన మాటయే. మోకాలు ఎవరి యెదుట వంగుచున్నదో పాడువాడు ఎరిగియుండవలెను.

తరువాత వీరు మెటల్ విడిచి యంత్రధ్వనుల వైపు తిరిగిరి. 1998లో విలియం బ్లేక్ అను ఆంగ్లకవి రచించిన ఒక గ్రంథమునకు సంగీతము కూర్చిరి. అది ప్రయోగముల సంచివంటిది, దానిమీద ఎక్కువసేపు నిలువనక్కరలేదు. 2000వ సంవత్సరములో వచ్చిన పెర్డిషన్ సిటీ అనునది వేరు. ఆ పేరునకు నాశనపట్టణమని అర్థము. సింథసైజరు, మెల్లని డ్రమ్ములు, దూరమునుండి వినబడు శాక్సోఫోను. అర్ధరాత్రి పెద్ద పట్టణములో నిద్రపట్టని మనుష్యుడు వీథుల వెంట నడచినట్టుండును. అడవి లేదు, తోడేలు లేదు, కేక లేదు. అయినను ఇది మొదటి మూడింటికంటె ఎక్కువ చీకటి గలదని నా తీర్పు. ఏలయనగా కేక వేయువాడు ఎవరో వినెదరని ఇంకను తలంచుచున్నాడు. ఇక్కడి మనుష్యుడు కేక వేయుటయే మానివేసెను. మన కుమారులు ఉద్యోగమునకై హైదరాబాదులోను బెంగుళూరులోను చిన్న గదులలో ఒంటరిగా కాపురముండి, రాత్రులు ఇట్టి సంగీతము ఎందుకు వినుచున్నారో, దీనిని వినినప్పుడు నాకు బోధపడెను.

నాశనపట్టణమనగానే మీకు యాత్రికుని ప్రయాణము జ్ఞాపకము వచ్చియుండును. 1678లో వెలువడిన ఆ పుస్తకములో జాన్ బన్యన్ చూపిన మనుష్యుడు కూడ నాశనపురములోనే కాపురముండెను. అతనికిని వీపుమీద భారమున్నది, అతనికిని రాత్రి నిద్రలేదు. భేదమేమి? బన్యన్ మనుష్యుడు ఏడ్చుచు ఒకని అడిగెను, ఆ యొకడు దూరమున నున్న ద్వారమును చూపెను, అతడు పరుగెత్తెను. ఈ రికార్డులోని మనుష్యుడు నడచుచునే యున్నాడుగాని పట్టణపు పొలిమేర దాటడు. చీకటి ఇద్దరికిని సమానమే. దారి అడుగుట యందే భేదమున్నది.

మరియొక మాట చెప్పకపోయినచో న్యాయము తప్పినవాడనగుదును. 2012లో వీరు నార్వే ఉత్తరభాగమందలి ట్రోమ్సో పట్టణములో, అక్కడి ఛాంబర్ ఆర్కెస్ట్రాతో కలిసి ఒక క్రొత్త రచనను వాయించిరి. 2013లో అది రికార్డుగా వెలువడెను. ఆ పట్టణములో నడిచలికాలమున సుమారు రెండు నెలలు సూర్యుడు ఉదయింపడు. ఆ రచనకు వీరు పెట్టిన పేరు మెస్సె. అనగా దేవాలయమందలి ఆరాధనక్రమము. మొదటి భాగపు పేరు సిరియానుండి లెబానోనునకు పారిపోయి వచ్చుచున్న జనులను గూర్చినది. మరియొక భాగమునకు మనుష్యకుమారుడని పేరు. ఇంకొకదానికి ఆత్మయొక్క అంధకార రాత్రి అను అర్థముగల స్పానిషు పేరు. ఆ మాట 1577లో టొలేడో పట్టణపు మఠములో చెరపెట్టబడి, మరుసటి ఏడు తప్పించుకొనిన సిలువ యోహాను అను సన్యాసియొక్క రచనను జ్ఞాపకము చేయును. తోడేలునకు కీర్తనలు పాడినవారు 15 సంవత్సరముల తరువాత ఆరాధన అను పేరును, మనుష్యకుమారుడను పేరును వెదకుకొని వచ్చిరి. వారు విశ్వసించిరని నేను చెప్పుటలేదు. అట్లు చెప్పుటకు ఆధారము లేదు. ఒక్కటి మాత్రము చెప్పగలను. చీకటిని నిజముగా పాడువాడు ఎంతకాలమో సంబోధన లేకుండ పాడజాలడు. ఆ రచనలో తంత్రీవాద్యములు మెల్లగా, ఓపికగా కదలును. సాయంకాల గీతములలో ఆగిపోయిన మొలకలు ఇక్కడ ఎదిగినవి. వీరి పనిలో నాకు అన్నిటికంటె ఉత్తమముగా తోచినది ఇదియే.

ఇక వేదముయొక్క త్రాసులో ఈ సంగీతమును తూచి చూతము. మూడు తూనికరాళ్లు నాకు కనబడుచున్నవి.

మొదటిది సత్యము. యోషీయా రాజు యుద్ధములో చంపబడినప్పుడు యిర్మీయా ప్రలాపగీతము రచించెను. గాయకులును గాయకురాండ్రును దానిని పాడుచుండిరి. అది ఇశ్రాయేలీయులలో కట్టడగా నిర్ణయింపబడెను. చూచితిరా, ప్రియులారా? దుఃఖగీతము రచించుట ప్రవక్త పని. దానిని పాడుట కట్టడ. అదే యిర్మీయా తన గ్రంథము తొమ్మిదవ అధ్యాయములో రోదనము చేయు నేర్పుగల స్త్రీలను పిలిపించుమనియు, వారు తమ కుమార్తెలకు ఆ విద్య నేర్పవలెననియు చెప్పెను. మన పల్లెలలో శవము ఇంటనుండగా చనిపోయినవాని గుణములను వరుసగా చెప్పి శోకములు పెట్టు పెద్దమ్మలను మీరు ఎరుగుదురు. అది వట్టి ఏడుపు కాదు, అది రచన. అక్కడ అబద్ధము చెప్పిన వెంటనే చుట్టు కూర్చున్నవారు గ్రహింతురు. చీకటి సంగీతము రచించువానికి మొదటి పరీక్ష అదియే: నీవు పాడు దుఃఖము ఎవరిది? నీదా, నీ పొరుగువానిదా, లేక అందముగా నుండునని తొడుగుకొనిన వేషమా?

రెండవది క్రమము. విలాపవాక్యముల గ్రంథమును తెరువుడి. అయిదు అధ్యాయములు. మొదటి నాలుగు హెబ్రీ అక్షరమాల క్రమమున నడచును. ఆ అక్షరములు 22. మూడవ అధ్యాయములో అక్షరమునకు మూడేసి చొప్పున 66 వచనములు. పట్టణము కాలిపోయినది, బిడ్డలు ఆకలితో వీథులలో పడియున్నారు. అయినను కవి అక్షరము తరువాత అక్షరమును వరుసగా పేర్చుచున్నాడు. అయిదవ అధ్యాయములో అక్షరక్రమము తప్పిపోవును. అయినను వచనములు 22గానే నిలుచును. దుఃఖము వరుసను చెరిపినదిగాని లెక్కను చెరుపలేకపోయెను. ఇంతకంటె గొప్ప పాఠము ఏ సంగీతశాలయు చెప్పజాలదు. యౌవనుడా, దుఃఖమును కుమ్మరించుట రచన కాదు. కన్నీరు త్రాగునీరు కావలెననిన దానికి కుండ కావలెను. శ్రుతి ఎరుగుము, తాళము ఎరుగుము, ఎక్కడ ఆగవలెనో ఎరుగుము.

మూడవది సంబోధన. ఇదియే అన్నిటికంటె గొప్ప రాయి. హేమాను పేరున నున్న 88వ కీర్తనను చదువుడి. తక్కిన విలాప కీర్తనలు చాలవరకు చివరకు నమ్మికకో స్తుతికో తిరుగును. ఇది తిరుగదు. మొదలు మొఱ్ఱ, మధ్య మొఱ్ఱ, కడపటి మాట చీకటి. అట్టి కీర్తనను దేవుడు తన గ్రంథములోనుండి తీసివేయలేదు. అయితే ఆ కీర్తన మొదటినుండి చివరవరకు నీవు, నీవు అని ఒకనిని పిలుచుచునే యున్నది. నీవు నన్ను త్రోసివేసితివని చెప్పుచు కూడ ముఖము త్రిప్పుకొనలేదు. సిలువమీద ప్రభువు తన నోట పలికినది 22వ కీర్తనయొక్క మొదటి మాటలే గదా. విడువబడిన గడియలో కూడ ఆయన తన దేవునినే పిలిచెను. చీకటి అక్కడను ఉన్నది, మధ్యాహ్నమునుండి మూడు గంటలవరకు దేశమంతటను ఉన్నది. భయంకరమైనది చీకటి కాదు, చదువరీ. చీకటిలో పిలువదగినవాడు లేడనుకొనుట.

ఇట్టి సంబోధన గల సంగీతము మన కాలములోను పుట్టెనని చూపుటకు ఒక మాట. పోలండు దేశపు హెన్రిక్ గొరెట్స్కీ 1976లో తన మూడవ సింఫొనీని రచించెను. దానికి విషాదగీతముల సింఫొనీ అని పేరు. మూడు భాగములును నెమ్మదిగానే నడచును, మూడింటను ఒకే స్త్రీకంఠము పాడును. మొదటిదానికి మఠములో దొరకిన పదునైదవ శతాబ్దపు మరియ విలాపము ఆధారము. మూడవది యుద్ధములో చనిపోయిన కుమారుని వెదకు తల్లిని గూర్చిన జానపద గీతము. నడుమ నున్నదానికి మాటలు వ్రాసినది 18 ఏండ్ల బాలిక. 1944లో జకోపానే పట్టణములో జర్మను పోలీసులు ఆమెను చెరలో ఉంచగా, ఆమె గోడమీద కొన్ని పంక్తులు వ్రాసెను. వాటిలో పగ లేదు, శాపము లేదు. ఏడువవద్దని తల్లిని ఓదార్చుట, పరలోకము వైపు ప్రార్థన. ఆమె మరియను ఉద్దేశించి ప్రార్థించెను. మన సంఘముల ఉపదేశము వేరు. అయినను చీకటి గదిలో గోడతో కాక, గోడకు అవతలనున్నవారితో ఆమె మాటలాడెనని ఒప్పుకొందము. 1992లో వచ్చిన ఒక రికార్డు పది లక్షలకు మించి అమ్ముడుపోయెను. లోకమునకు నవ్వించు పాటలు మాత్రమే కావలెననుట నిజము కాదు.

ఇప్పుడు త్రాసును మన వైపు త్రిప్పుదము. తీర్పు దేవుని ఇంటియొద్ద ఆరంభము కావలెను. మన పాత ఆంధ్ర క్రైస్తవ కీర్తనల పుస్తకమును తెరచినచో ప్రతి కీర్తన తలపై రాగము, తాళము అచ్చువేసి యుండును. పురుషోత్తమ చౌదరిగారు మొదలైన పెద్దలు పశ్చాత్తాపమునకు, శ్రమదినములకు, మరణశయ్యకు వేర్వేరు కీర్తనలు మనకు కట్టి ఇచ్చిరి. నేడు అనేక సంఘములలో ఆ పుస్తకము బీరువాలో నున్నది. బల్లమీద కీబోర్డు ఉన్నది, దానిలో ఒకే వేగము, ఒకే చప్పట్ల తాళము. అప్పులచేత భర్త పురుగులమందు త్రాగి చనిపోయిన స్త్రీ, కర్మదినములు గడవకమునుపే ఆదివారము ఆ తాళమునకు చప్పట్లు కొట్టవలసి వచ్చుచున్నది. ఆమె నోరు కదలుటలేదు. చేతులు పైకెత్తుడని ముందు నిలువబడినవాడు కేకవేయుచున్నాడు. దుఃఖపడువాని యెదుట పాటలు పాడుట చలిదినమున పైబట్ట తీసివేయుటవంటిదని సామెతలు 25వ అధ్యాయము బోధించుచున్నది. ఆ స్త్రీ కుమారుడు ఇంటికి వెళ్లి తలుపు మూసికొని నార్వే దేశపు తోడేళ్ల పాట వినినచో, మనము ఎవరిని అడుగవలెను? గుడిలో వాని దుఃఖమునకు చోటు లేకపోయెను గనుక, అది అడవిలో చోటు వెదకుకొనెను.

కాబట్టి పెద్దలారా, బిడ్డ చెవిలోని తీగెను పెరికివేయకుడి. ప్రక్కన కూర్చుండి, నీవు వినుచున్నది నాకు వినిపించుము అని అడుగుడి. మొదటి నిమిషములో మీ చెవి నొచ్చును, ఓర్చుకొనుడి. విని, ఇది నీకెందుకు ఇష్టమాయెనని ప్రేమతో అడుగుడి. ఆ జవాబులో మీకు వాని గాయము కనబడవచ్చును. రాత్రులు నిద్రలేక, చావును గూర్చి మాటలాడుచున్నవాడైతే దానిని పాటల దోషమని కొట్టివేయక, వానిని ఒంటరిగా విడువక, ప్రార్థనతోకూడ వైద్యునియొద్దకు తోడుకొనిపొండి. సౌలు రాజు బాధపడినప్పుడు అతని సేవకులు సితారా వాయింప నేర్చినవానిని వెదకి తెచ్చిరి, కోపపడి విడిచిపోలేదు.

యౌవనులారా, మీకు ఒక మాట. రచించుడి. గిటారు అయినను, డప్పు అయినను, యంత్రము అయినను దేవునికి పరాయిది కాదు. 1601లో హాస్లెర్ కట్టిన ప్రేమగీతపు వరుసనే తరువాత జర్మను సంఘము ప్రభువు శ్రమల కీర్తనకు వాడుకొనెను. బాక్ దానిని తన మత్తయి శ్రమల సంగీతములో మరల మరల పాడించెను. వరుసకు కులము లేదు. అయితే మూడు ప్రశ్నలను మీ వాద్యముమీద వ్రాసికొనుడి: ఇది సత్యమా? దీనికి క్రమమున్నదా? దీనిని ఎవరికి వినిపించుచున్నాను? పాట చివర వెలుగు రావలెనని మిమ్మును బలవంతపెట్టను. హేమానును ఎవరును బలవంతపెట్టలేదు. తొందరపడి అతికించిన హల్లెలూయ కంటె యథార్థమైన మొఱ్ఱ మేలు. కాని తోడేలుతో మాటలాడి ఊరకుండకుడి. తోడేలును చూచి పారిపోక, గొఱ్ఱెలకొరకు ప్రాణము పెట్టిన కాపరి ఒకడున్నాడు. ఆయనతో మాటలాడుడి.

సంఘములారా, వచ్చు నెలలో ఒక ఆదివారము సాయంకాలమున కీబోర్డు మూసి, పాత పుస్తకము తెరచి, ఆ యేటి మృతుల పేర్లు చదివి, నెమ్మదిగా ఒక విలాపకీర్తన పాడుడి. ఏడ్చువారిని ఏడ్వనియ్యుడి. మీ యూరిలోని బిడ్డ ఎవడైనను ఒక దుఃఖగీతము కట్టియున్నచో, ఆ దినమున వానిచేత పాడించుడి. లాజరు సమాధియొద్ద తానే కన్నీరు విడిచిన ప్రభువు ఆ పాటను వినును.